డిక్షనరీ గారికో దండం

మహారాజశ్రీ ఇంగ్లీషు డిక్షనరీ గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను. నిన్న మధ్యాహ్నమంతా మా మేనల్లుడితో వాదన. ‘స్కిబిడీ’ మాట కాదురా, వట్టి కూత అని నేను. మాటే అని వాడు. చివరికి బ్రహ్మాస్త్రం తీశాను: తమర్ని తెరిచాను. ఉంది! అర్థం కూడా ఉంది. బాగుందనడానికి వాడొచ్చట, బాగోలేదనడానికీ వాడొచ్చట, ఏ అర్థమూ లేకుండా సరదాకీ అనొచ్చట. స్వామీ, తుమ్ము ఏం పాపం చేసింది?

సరే, ఓడిపోయాను. గెలిచినవాడైనా సంతోషించాలి కదా? ఫోను చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ జరిపి చూశాడు. మొహం వేలాడేశాడు. ‘‘దీన్ని కూడా ఎక్కించేశారా? ఇంక వాడితే పరువు పోతుంది మామయ్యా’’ అన్నాడు.

నాకు మండింది ఇక్కడే. తమరి ముద్ర వల్ల నా వాదనా పోయింది, వాడి మాటా పోయింది. ఇంతకీ బాగుపడిందెవరు?

ఒక మాట నలుగురి రాతల్లో నలిగి, కొంతకాలం నిలబడితే గానీ తమరు గడప దాటనివ్వరు. పద్ధతి మంచిదే. కానీ కుర్రకారు మాటలకి అంత ఆయుష్షు ఎక్కడిది? పుట్టినప్పుడు పలకరించరు, పోయాక సర్టిఫికెట్ పట్టుకుని వస్తారు. ‘ఓ మై గాడ్’కి పొట్టి రూపమైన ‘ఓఎంజీ’ని 1917లోనే ఓ బ్రిటిష్ అడ్మిరల్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో వాడాడు. ఆక్స్‌ఫర్డ్ వారు దానికి చోటిచ్చింది 2011లో! ఏటేటా ప్రకటించే ‘ఈ ఏటి మాట’కి మాత్రం ఎక్కడలేని తొందర. 2015లో ఆక్స్‌ఫర్డ్ వారు ఏడుస్తూ నవ్వే ఎమోజీని ఎంచారు. 2025లో డిక్షనరీ.కామ్ వారు కుర్రకారు ఊతపదం ‘67’ని ఎంచి, దాని అర్థమేమిటో తామూ ఇంకా వెతుకుతున్నామన్నారు. అంకెని ఏ అక్షరం కింద వెతుక్కోవాలండీ?

అడిగితే ఒకటే జవాబు: ‘‘మేం తీర్పులివ్వం, జనం వాడేదే రాసుకుంటాం.’’ ఓహో! 1934లో వెబ్‌స్టర్‌ డిక్షనరీలో ‘డోర్డ్’ అచ్చయిందే, సాంద్రత అని అర్థంతో, అది ఏ జనం వాడారయ్యా? సాంద్రతకి పొట్టి గుర్తు పెద్ద ‘D’ or (అంటే ‘లేదా’) చిన్న ‘d’ అని ఎవరో చీటీ రాస్తే, మూడూ అతికించి మాట చేసేశారు. 1939 దాకా ఎవరి కంటా పడలేదు. రాసుకోవడం కూడా సరిగ్గా రాని నువ్వా నాకు సాక్ష్యం చెప్పేది? పదాల ఆటలో, పరీక్షలో, ఇంట్లో గొడవలో, ఎక్కడ చూసినా నిన్నే సుప్రీంకోర్టు చేసి కూర్చోబెట్టాం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ‘‘కాదు’’ అని గట్టిగా అనలేవా?

అనలేవులే. పోనీ, ఈ సాయమన్నా చెయ్యి. పిల్లల నోట్లో కొత్త మాట పుట్టిందని తెలిసిన రోజే ఎక్కించెయ్. ఉచ్చారణ, వ్యాకరణం, ఉదాహరణ వాక్యం, అన్నీ పెట్టు. తెల్లారేసరికి వాళ్లే వదిలేస్తారు. మా ఇంట్లో ప్రస్తుతం తిరుగుతున్న వాటి లిస్టు జతచేస్తున్నాను. అర్జెంట్.

ఇట్లు,
ఒక మేనమామ