బినామీ రైల్వే

బినామీ లావాదేవీలను నిషేధిస్తూ 1988లో వచ్చి, 2016 సవరణతో కోరలు మొలిపించుకున్న చట్టంలో తండ్రులందరూ పొద్దున్నే లేచి స్మరించుకోదగిన మినహాయింపు ఒకటి ఉంది. ఒక వ్యక్తి తన తెలిసిన ఆదాయ మార్గాల నుంచి సొమ్ము తీసి, జీవిత భాగస్వామి పేరిట గాని సంతానం పేరిట గాని ఆస్తి కొంటే అది బినామీ కిందికి రాదు. ఈ వెసులుబాటు కల్పించిన పార్లమెంటు ఇళ్లనూ పొలాలనూ దృష్టిలో పెట్టుకుని ఉంటుందే గాని, నలభై దాటిన తండ్రి ఏడేళ్ల కూతురి పేరిట భోజనాల బల్ల మీద నడుపుకునే 9 మిల్లీమీటర్ల గేజి (అంటే పట్టాల మధ్య దూరం) బొమ్మ రైల్వేను ఊహించి ఉండదు. అయినా మినహాయింపు మినహాయింపే. చిక్కల్లా ఆ ‘తెలిసిన’ అన్నచోటే ఉంది. ఎవరికి తెలిసిన ఆదాయమన్నది చట్టం విడమరచలేదు. మా ఇంట్లో ఇల్లాలు ఆ లోటును తనకు తానుగా పూరించుకుంది.

విషయం బొత్తిగా తెలియనివారికి కొంత వివరణ ఇవ్వడం ధర్మం. అసలు వస్తువులో 160వ వంతు పరిమాణంలో చేసే బొమ్మ రైళ్లను ఎన్ స్కేల్ అంటారు. ఆ స్కేలులో ఆరడుగుల మనిషి సెంటీమీటరు పైన ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాడు. జపాన్‌లోని ఇరుకిళ్లకు సరిపోయేలా పుట్టి 2001 ప్రాంతంలో అమెరికాకు చేరిన టీ-ట్రాక్ అనే పద్ధతిలో, 308 మిల్లీమీటర్ల వెడల్పు, 70 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న చెక్క పెట్టె ఒక్కొక్కటీ ఒక్కో దృశ్యం. దాని మీది పట్టాల పొడవు 310 మిల్లీమీటర్లు. అంటే అటూ ఇటూ మిల్లీమీటరు చొప్పున బయటికి వస్తాయి కాబట్టి, పక్క పెట్టె పట్టాలను పట్టుకుని టక్కుమని అతుక్కుంటాయి. ఒక పెట్టె మీద స్టేషను, ఇంకొక దాని మీద వరిచేను, మరొక దాని మీద బొర్రా గుహల వైపు సొరంగం. ఆదివారం పేరిస్తే రైల్వే, సోమవారం విప్పి అల్మరాలో పెడితే మళ్లీ ఇల్లు. సిద్ధాంతమైతే అదే. ఆ సోమవారం మా ఇంట్లో ఇంకా రాలేదు.

ఈ కార్యక్రమమంతా పాప మేధోవికాసం కోసమేనని వేరే చెప్పనక్కర్లేదు. భిన్నాలు వస్తాయి, భూగోళం వస్తుంది, ఓర్పు వస్తుంది, ఫోను చేతిలోంచి జారిపోతుంది. ఈ నాలుగు ప్రయోజనాలనూ నేను నాలుగు పార్సిళ్లకు విడివిడిగా వాడుకున్నాను. జపాన్ నుంచి వచ్చే కొన్ని పెట్టెల మీద ‘15 ఏళ్లు, ఆ పైబడినవారికి’ అని ముద్రించి ఉంటుంది గాని, అది జపనీస్‌లో ఉండడం భగవంతుడి దయ. సుంకం విషయంలో మాత్రం దయ లేదు. ఆటబొమ్మల దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచింది. సుంకాల పట్టికలో బొమ్మలనూ స్కేలు నమూనాలనూ ఒకే పద్దు కింద చేర్చారు కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఆ విధంగా ఒకే ఇంజను సుంకం కట్టేటప్పుడు ఆటబొమ్మ, ఇంటి గుమ్మం దాటేటప్పుడు విద్యా సామగ్రి, పాప చెయ్యి చాచినప్పుడు సున్నితమైన యంత్రం.

1924 నుంచి విడిగా నడిచిన రైల్వే బడ్జెట్‌ను కేంద్రం 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపేసింది. మా ఇంట్లో ఆ సంస్కరణను శాయశక్తులా ప్రతిఘటిస్తున్నాను. కలిపితే అంకెలు కంటబడతాయి.

ఇక నిర్మాణంలో పాప భాగస్వామ్యం సంగతి. కింది కంకర కట్టతో సహా ప్లాస్టిక్‌లో పోతపోసి వచ్చే పట్టాలు చూడగానే ప్లాస్టిక్ అని తెలిసిపోతాయి. అలా తెలియకుండా అంచుల వెంట జల్లించిన రాతిపొడి పోసి, కుంచెతో సర్ది, ఒక పాలు ఫెవికాల్‌కు రెండు పాళ్లు నీళ్లు కలిపి, అందులో అంట్లు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి, ఇంకు ఫిల్లరుతో బొట్టు బొట్టుగా వదలాలి. ఆ సబ్బు చుక్క పడకపోతే జిగురునీరు పొడిలోకి ఇంకకుండా పైపైనే గుండ్రంగా దొర్లుతూ కంకరను వెంటబెట్టుకుపోతుంది. పాప ముందరి పళ్ల సందులో నాలుక పెట్టుకుని, మోచేయి బల్లకు ఆనించి, ఫిల్లరు మొనను కట్ట అంచుకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి బొట్టు వదిలింది. బూడిదరంగు పొడి నల్లబడుతూ, ఆ నలుపు తనంతట తానే పక్కకు పాకుతూ పోయి సరిగ్గా స్లీపరు (పట్టాల కింది అడ్డదిమ్మె) చివర ఆగింది. “నాన్నా, ఆరాక మళ్లీ తెల్లబడతాయా?” అని అడిగింది. తెల్లబడతాయి. ఆ బొట్టు అంత చక్కగా పడిందని గ్రహించిన మరుక్షణమే, “చాల్లే తల్లీ, చెయ్యి నొప్పెడుతుంది, ఇలా ఇవ్వు” అని ఫిల్లరు తీసుకున్నాను. బాలకార్మిక నిషేధాన్ని ఇంత నిష్ఠగా పాటించే నిర్మాణ సంస్థ దేశంలో మరొకటి ఉండదు.

మా ప్రాజెక్టులో మకుటాయమానం గోదావరి ఆర్చి వంతెన. రాజమండ్రి దగ్గర 1997లో వచ్చిన ఆ వంతెనకు 28 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఒక్కొక్కటీ 97.55 మీటర్లు. 160తో భాగిస్తే ఒక ఖానా 610 మిల్లీమీటర్లు వస్తుంది. టీ-ట్రాక్‌లో జంట పెట్టె వెడల్పు 618. ఇంజనీర్లు మా బల్లను దృష్టిలో పెట్టుకునే వంతెన కట్టారేమోనన్నంతగా కుదిరిన ఈ లెక్కను నేను ఇల్లాలికి రాత్రి పదకొండు గంటలకు చూపించాను. ఆమె తదుపరి లెక్క అప్పటికప్పుడే నోటితో కట్టేసింది. 28 ఖానాలకు 17 మీటర్లు పైచిలుకు కావాలి, మన ఫ్లాటులో హాలు గోడ నుంచి వంటింటి గోడ దాకా అంత లేదు, పక్కవాళ్ల ఫ్లాటులోకి పోవాలి. అందుకే ప్రస్తుతం ఒక ఖానా మొదటి దశ కింద చేపట్టాం. మిగిలిన 27 రెండో దశలో ఉన్నాయి. ఇదెప్పటికి పూర్తవుతుందని ఆమె అడిగినప్పుడు, విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగిందని మాత్రమే గుర్తుచేశాను. రైల్వేల్లో తొందరపాటు ప్రమాదకరం.

ఇంత సజావుగా సాగుతున్న పాలనలో గేదె సమస్య తలెత్తింది. జాతరలో కొన్న ప్లాస్టిక్ గేదె ఒకటి పాప దగ్గర ఉంది. మూపు దగ్గర ఎత్తు 4 సెంటీమీటర్లు. దాన్ని తీసుకొచ్చి వరిచేను పెట్టె మీద పట్టాల మధ్య నిలబెట్టింది. నేను కోప్పడలేదు. కాగితం తీసి, 4 సెంటీమీటర్లను 160తో గుణిస్తే 6.4 మీటర్లవుతుందనీ, రైలు కరెంటు తీగ పట్టాలకు సుమారు ఐదున్నర మీటర్ల ఎత్తున వేలాడుతుందనీ, అందులో 25,000 వోల్టులు పారుతుంటాయనీ, కాబట్టి ఆ గేదె అక్కడ క్షణంపాటైనా బతికి ఉండడం సాంకేతికంగా అసాధ్యమనీ బొమ్మ గీసి వివరించాను. పాప అంతా శ్రద్ధగా విని, “మరి మన దగ్గర తీగలే లేవు కదా నాన్నా” అంది. విద్యుదీకరణ మూడో దశలో ఉంది.

గేదెలు పట్టాల మీద ఉండవని వాదిద్దామంటే, 2022 అక్టోబరులో ముంబయి నుంచి గాంధీనగర్ వెళ్తున్న వందే భారత్ గేదెల మందను ఢీకొని ముక్కు ఊడగొట్టుకున్న ఫొటోలు దేశమంతా చూసింది. పాప కూడా చూసింది. పైగా స్కేలు పేరెత్తితే పెద్దవాళ్లకే ఇబ్బంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, 160వ వంతు అంటే పదిన్నర మిల్లీమీటర్ల దాకా ఉండాలి. ఎన్ స్కేల్ పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే, ఎందుకంటే అవి 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి నమూనాలు. హైదరాబాద్ మెట్రోది ఆ గేజే. అంటే మిల్లీమీటరు తేడా వస్తే నిద్రపట్టని ఈ తండ్రి, గోదావరి వంతెన మీద మెట్రో గేజి వేసి, దాని మీద జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ నడుపుతూ, దాన్ని గోదావరి ఎక్స్‌ప్రెస్ అని నమ్ముతున్నాడు. అందరికన్నా వాస్తవికంగా ఉన్నది గేదె ఒక్కటే. ఈ సంగతి బయటికి పొక్కకముందే రాజీ కుదుర్చుకోవడం మంచిదనిపించి, గేదెను పట్టాల మీంచి తప్పించి స్టేషను ముందు దిమ్మె కట్టి, విగ్రహంగా ప్రకటించాను. విగ్రహాలకు స్కేలు పట్టింపు లేదన్నది మన ఊళ్లలో ఏ కూడలికి వెళ్లినా తెలిసే విషయం. ఆవిష్కరణకు రిబ్బను పాప కత్తిరించింది. కత్తెర నేను పట్టుకున్నాను.

భూసేకరణ విషయంలో కొంత ప్రతిఘటన ఎదురైన మాట నిజం. 2013 చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి, ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే ఆ షరతు లేదు. అందుకే భోజనాల బల్లను ప్రభుత్వ హోదాలో స్వాధీనం చేసుకున్నాను. నిర్వాసితులకు సోఫాలో పునరావాసం కల్పించాను. చెట్ల ఆకుల కోసం స్పాంజిని ఆకుపచ్చ రంగులో ముంచి మిక్సీలో తిప్పిన ఉదంతం మాత్రం విచారణలో ఉన్నందున ఇక్కడ వ్యాఖ్యానించడం సబబు కాదు. మరుసటి రోజు ఇడ్లీల్లోకి వచ్చిన చట్నీ కొత్తిమీర చట్నీయేనని నా వాంగ్మూలం. సంక్రాంతికి వచ్చిన మా అత్తగారు అంతా తిరిగి చూసి, “బాగుంది బాబూ, మన బొమ్మల కొలువులాగే ఉంది” అన్నారు. నేను ఉబ్బిపోయి వంతెన లెక్క ఎత్తుకునేలోపే, “కాకపోతే కొలువు ఎత్తేయడానికి ఒక రోజంటూ ఉంటుంది” అని వంటింట్లోకి వెళ్లిపోయారు. పెద్దావిడ, పైగా అత్తగారు. సమాధానం చెప్పడం మర్యాద కాదు, చెప్పడానికి సమాధానం కూడా లేదు.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది వారసత్వ సమస్య. పాపకు ఈ మధ్య చదరంగం మీద మనసు పోతోంది. పార్సిలు వచ్చిందంటే, “నాదేనా నాన్నా?” అని అడిగి, అవునంటే నిట్టూర్చి సంతకం పెట్టి వెళ్లిపోతోంది. ఇంకో మూడేళ్లకు ఆ సంతకం కూడా దొరకదు. బినామీ లేని ఆస్తి ఎంత నిస్సహాయమైనదో ఏ రాజకీయ నాయకుణ్ని అడిగినా చెబుతాడు. అందుకని ముందుచూపుతో ఆరా తీయగా, మూడో అంతస్తులో ఒక నాలుగేళ్ల బాబు ఉన్నాడనీ, లిఫ్టులో కూతపెట్టుకుంటూ దిగుతాడనీ తెలిసింది. మొన్న వాణ్ని పిలిచి గోదావరి ఎక్స్‌ప్రెస్ చూపించి, స్టీరింగు ఏదని వాడు అడిగినా క్షమించి, ఓ చాక్లెట్ ఇచ్చి పంపాను. సాయంత్రం వాళ్ల నాన్న కిందికి వచ్చి, పరిచయాలు కూడా పూర్తి కాకముందే బల్ల వైపు వంగి, గొంతు తగ్గించి, “ఇవి ఒక్కోటి ఎంతకొస్తాయండీ? మా వాడి కోసమే అడుగుతున్నా” అన్నాడు.