మత్తు ఇచ్చే ముందు మతి సంగతీ చూడాలి

బాత్రూంలో జారిపడిన పెద్దాయనకు తుంటి ఎముక ఆపరేషన్ అవుతుంది. బాగా జరిగిందని డాక్టర్ చెబుతారు. ఆ రాత్రే ఆయన సెలైన్ గొట్టం పీకేసుకుంటారు, కన్నకూతురిని 'ఎవరమ్మా నువ్వు?' అని అడుగుతారు. ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. వయసు మీదపడి మతి పోయిందని సరిపెట్టుకుంటారు. అది మతి పోవడం కాదు, డెలీరియం, అంటే జబ్బు, ఆపరేషన్ వంటి వాటి తర్వాత మెదడు ఉన్నట్టుండి తికమకపడటం. చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కొందరు మాత్రం మళ్లీ మునుపటి మనుషులు కాలేరు. గొడవ చేయకుండా పగలంతా మగతగా పడుకునేవారిలోనూ ఇది ఉండొచ్చు. వాళ్లను ఎవరూ పట్టించుకోకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధిస్తోంది.

పూర్తి మత్తు ఇస్తే మెదడు దెబ్బతింటుందని, నడుముకు ఇంజెక్షన్ ఇస్తే భయం లేదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అమెరికా, కెనడాల్లో 1,600 మంది తుంటి రోగులపై చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు 20 శాతం మందికి డెలీరియం వచ్చింది. కాబట్టి మత్తు డాక్టర్‌ను అడగాల్సినవి వేరే ఉన్నాయి. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చాక నిద్రపుచ్చడానికి ఇంకేం మందు ఇస్తారు? ఎంత గాఢంగా? మిడజోలం వంటి, నిద్ర తెప్పించే మందులున్న బెంజోడయాజెపైన్ల కుటుంబాన్ని వృద్ధులకు వీలైనంత వరకు వాడొద్దని వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ చెబుతోంది. అయితే ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వేసుకుంటున్నవారికి ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే. మద్యం అలవాటూ అంతే. ఇంట్లోవాళ్లు మొహమాటపడి ఈ సంగతులు దాచకూడదు.

ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగర్, గుండె చూస్తున్నారు. జ్ఞాపకశక్తిని ఎవరూ చూడటం లేదు. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడగడం, గడియారం బొమ్మ గీయించడం మూడు నిమిషాల పని. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద వృద్ధులకు చేసే ఆపరేషన్లకు ఈ పరీక్షను తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం.

ఖర్చు లేని పనులే ఇక్కడ ఎక్కువ. 1999లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆస్పత్రిలో చేరిన 70 ఏళ్లు, ఆపై వయసువారికి కళ్లజోడు, వినికిడి యంత్రం అందించి, రాత్రి నిద్ర చెడకుండా చూసి, నీళ్లు తాగించి, నడిపించారు. మామూలు చికిత్స పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీరిలో 9.9 శాతం మందికే వచ్చింది. మన దగ్గర థియేటర్‌లోకి తీసుకెళ్లేటప్పుడు తీసిన కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ కవర్లో చుట్టి ఇంటివాళ్ల చేతికిస్తారు. మర్నాటి దాకా అవి ఆ సంచిలోనే ఉంటాయి. మెలకువ రాగానే ఆ కవర్ విప్పి పెద్దాయన కళ్లకు జోడు పెట్టాలి. పేరు పెట్టి పిలిచే ఇంటి మనిషిని ఒక్కరినైనా పక్కన కూర్చోనివ్వాలి.