మార్కులు బాగానే వస్తున్నాయి కదా!

అమెరికాలో మా ఊరి ఆదివారం తెలుగు బడిలో ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. కాలు నిలవని మగపిల్లల తల్లిదండ్రులు తమంతట తామే వచ్చి "మావాడికి ఏడీహెచ్‌డీ ఉందేమోనండీ" అంటారు. ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు, తొందరపాటు ఉండే సమస్య అది. కిటికీ పక్కన కూర్చునే ఆడపిల్ల గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. క గుణింతం రాయమంటే ఆ పిల్ల "కూ" దాకా ముత్యాల్లా రాస్తుంది. అక్కడ ఆగిపోతుంది. పది నిమిషాలయ్యాక వెళ్లి చూస్తే ఆ కొమ్ముకు ఆకులు మొలిచి, పూలు పూసి ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతుంది.

మా పెద్దమ్మాయీ అంతే. ఒకరోజు దాని స్కూలు బ్యాగు బోర్లించాను. పూర్తిచేసిన లెక్కల కాగితాలు పదకొండు, నలిగిపోయి అడుగున ఉన్నాయి. ఒక్కటీ టీచరుకు ఇవ్వలేదు. నేను బద్ధకమన్నాను, పొగరన్నాను. పదమూడో ఏట డాక్టరు సంగతి తేల్చేదాకా అంటూనే ఉన్నాను.

ఏడీహెచ్‌డీ అంటే గంతులు మాత్రమే కాదు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు చూసే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో పరధ్యానానికి తొమ్మిది లక్షణాలు, అతి చురుకుకూ తొందరపాటుకూ కలిపి తొమ్మిది. పిల్లల్లో ఏదో ఒక వరుసలో కనీసం ఆరు ఉండాలి. అవి 12 ఏళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా ఉంటూ, ఇంట్లోనూ బడిలోనూ పనికి అడ్డుపడుతుండాలి. పరధ్యానం వరుస ఒక్కటి నిండినా చాలు. ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరి కంటా పడరు. "రెండు గంటలు కదలకుండా బొమ్మలేస్తుందండీ" అంటారు. నిజమే. నచ్చినదాని మీద నిలిచిన మనసు, చెయ్యాల్సినదాని మీదికి మళ్లకపోవడమే ఇక్కడ చిక్కు.

మన ఇళ్లలో దీన్ని కప్పేసేది మార్కులే. ఆ "ఏ" గ్రేడు వెనక రాత్రి పదకొండింటిదాకా పక్కనే కూర్చుని గుర్తుచేసిన అమ్మ ఉంటుంది. మిడిల్ స్కూల్లో సబ్జెక్టుకో టీచరు వచ్చేసరికి అమ్మ చెయ్యి అందదు, పిల్ల ఒక్కసారిగా జారిపోతుంది.

పరాకుగా ఉండే ప్రతి పిల్లకూ ఇది ఉందని కాదు. నిద్ర, చూపు, వినికిడి, ఆందోళన కూడా చూడాలి. కానీ ఏ లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో టిక్కు పెట్టే వాండర్‌బిల్ట్ ఫారం పీడియాట్రిషన్ ఇస్తే ఉన్నదున్నట్టు నింపండి. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావని "అప్పుడప్పుడు" గడిలో టిక్కు పెట్టి వచ్చిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ టిక్కు వల్ల ఏళ్ల తరబడి తిట్లు తినేది పిల్లే.

అమెరికా పబ్లిక్ స్కూల్లో పిల్లను పరీక్షించమని మీరే అడగొచ్చు. స్కూలు చేసే పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు. వైకల్యం ఉన్నవారిపై వివక్ష చూపకూడదనే 1973 నాటి పునరావాస చట్టం సెక్షన్ 504 కింద పరీక్షల్లో అదనపు సమయం, ముందు వరుసలో సీటు లాంటివి ఇస్తారు. మంచి మార్కులు వస్తున్నాయన్న ఒక్క కారణంతో కాదనకూడదు. నోటిమాటగా కాక రాసి అడగండి, తేదీ వెయ్యండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.