పేర్లు పడుతున్నాయి, కూర్చోండి

మా చిన్నప్పుడు సినిమాకి లేటైతే నాన్నకి ఒకటే బెంగ, పేర్లు పడిపోతాయని. మా విశాఖలో పూర్ణా మార్కెట్ దాటుతుండగానే టెన్షన్ మొదలయ్యేది. కథ పోతే పక్కవాణ్ణి అడగొచ్చు, పేర్లు పోతే ఎవణ్ణి అడుగుతాంరా అనేవారు.

ఇప్పుడా బెంగ అక్కర్లేదు. హీరో నలుగుర్ని నేలకేసి కొట్టి, ఒక ఫ్లాష్‌బ్యాక్ పూర్తయి, నేను సమోసా తినేసి చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలా అని చూస్తుంటే, అప్పుడు ఢామ్మని టైటిల్ పడుతోంది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. కెమెరా, కూర్పు, కళ అన్నీ ఆఖర్న, తలుపులు తెరిచాక. దీన్ని కొందరు పతనం అంటున్నారు. నేను మాత్రం కళాభివృద్ధి అనే అంటాను. సినిమాలోంచి పేర్లూ మొహాలూ తీసేయగలిగిన జాతి మనదొక్కటే.

పోస్టర్లే చూడండి. ముందు ప్రీ లుక్ వస్తుంది, అంటే చెయ్యి. తర్వాత ఫస్ట్ లుక్, అంటే వీపు. చేతిలో కత్తి, కత్తికి నెత్తురు, చుట్టూ నిప్పురవ్వలు, వెనకాల ఏదో తగలబడుతూ ఉంటుంది. ఏం తగలబడుతోందో సినిమా చూశాక కూడా తెలీదు. ఈ మధ్యలో ఫలానా రోజు ఫలానా గంటకి పోస్టర్ వస్తుందని చెప్పే పోస్టర్ ఒకటి. జగదాంబ జంక్షన్లో నిలబడి ఒకే హీరో వీపు మూడు సినిమాలకి చూశాను. మొహం కంటే వీపే గుర్తుపడుతున్నాను ఇప్పుడు.

పాతతరం వాళ్ళకి ఈ నిగ్రహం ఉండేది కాదు. పాలకొల్లు నుంచి వెళ్ళిన ఈశ్వర్ 1967లో బాపు ‘సాక్షి’తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకి పబ్లిసిటీ డిజైన్ చేశారు. ఆ తరం కుంచె పట్టుకుని టైటిల్ రాస్తే, అక్షరం ఒంపు చూడగానే ఇది ఏడిపించే సినిమానా, నవ్వించేదా, దెయ్యాలదా అని గోడ మీదే తెలిసిపోయేది. ఎంత అన్యాయం! టికెట్ కొనకుండానే విషయం చెప్పేస్తే ఎలా? ఇప్పుడు అన్ని టైటిళ్ళూ ఇనుపరేకు కోసి, తుప్పు పట్టించి, పగలగొట్టినట్టే ఉంటాయి. స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరివాళ్ళం, మనమైతే అభ్యంతరం చెప్పకూడదు.

అమెరికాలో సాల్ బాస్ అని సినిమా టైటిళ్ళు చేసే ఒకాయన ఉండేవాడు. అప్పట్లో అక్కడ చాలా హాళ్ళలో పేర్లు తెర ముందు మూసి ఉన్న పరదా మీదే పడిపోయేవి, అవి అయ్యాకే పరదా తీసేవారు. 1955లో ఆయన ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’కి నల్లటి తెర మీద తెల్లటి కాగితప్పట్టీలు కదిలించి, చివరికి వాటినొక వంకర చేయిగా మార్చి టైటిళ్ళు చేస్తే, పేర్లు వేసే ముందు పరదా తీయండి బాబూ అని రీలు డబ్బాలతోపాటు ఆపరేటర్లకి చీటీ పంపాల్సి వచ్చింది. ఇక్కడ చీటీ అంటించినా లాభం లేదు. పేర్లు మొదలయ్యేసరికి సగం హాలు పార్కింగ్‌లో హారన్ కొడుతూ ఉంటుంది.

మరి పేర్లూ మొహాలూ ఎక్కడికి పోయాయి అంటారా? ఫ్లెక్సీల మీదికి. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఒకటి నిలబడి చదివాను. పైన హీరో, సగమే. కింద వరసగా ముప్ఫై రెండు మంది అభిమానులు, నల్ల కళ్ళద్దాలు, ఒక్కొక్కరికీ పేరు, పేరుకి ముందు బిరుదు, సెల్ నంబర్. ఎవరి ఫోటో ఎంత పెద్దది, ఎవరు ఎవరి పక్కన అనే లెక్క ఏ నిర్మాతా తన టైటిల్ కార్డుల దగ్గర అంత జాగ్రత్తగా చూసుకోడు. తెలుగువాడికి మిగిలిన అసలైన టైటిల్ కార్డు అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో హోర్డింగులన్నీ వట్టి ఇనుప చట్రాలు చేసి పోయింది. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించిందీ మన విశాఖలోనే. గాలీ ప్రభుత్వమూ చెరోసారి ప్రయత్నించాయి. ఆ ముప్ఫై రెండు మందీ నవ్వుతూనే ఉన్నారు.

నష్టపోయింది ఆవులు. కాగితం పోస్టరు మైదా జిగురుతో అంటించేవారు కాబట్టి ఓ మూల నుంచి పీకి నమిలేవి. అంత నిజాయితీగా సినిమా తేల్చేసిన విమర్శకులు మళ్ళీ రాలేదు. ఇప్పటికీ సందుల్లో కాగితాలు అంటించే ఒకాయన్ని, ఇంత పెద్ద పోస్టర్లో ఒక్క పేరైనా కనబడదేం అని అడిగాను. “పేర్లతో మనకేటి పని బాబూ, రేపు దీని మీద ఇంకోటి ఏసేస్తాం” అన్నాడు, బ్రష్ బకెట్లో ముంచుతూ.

మొన్న ఆదివారం నాన్న గుర్తొచ్చి, సినిమా అయ్యాక లేవకుండా కూర్చున్నాను. లైట్లు వేసేశారు. పేర్లు చీమల్లా పైకి పాకుతున్నాయి. చీపురు పట్టుకున్న ఆవిడ వరస వరసా ఊడ్చుకుంటూ నా దాకా వచ్చి ఆగింది.

“అయిపోనాది కదా బాబూ, లెగండి.”

“పేర్లు పడుతున్నాయమ్మా.”

ఆవిడ తెరవైపు చూసింది, నావైపు చూసింది. “మీవోళ్ళ పేరేటైనా ఉందేటి?”

ఉందని అబద్ధమాడదామా అనుకునేలోపు, లైట్‌మెన్ పేర్లు సగంలో ఉండగా ఆపరేటర్ కట్టేశాడు.

“కాళ్ళు పైకెట్టండి” అంది ఆవిడ.