మా ఇంటి కెమెరాలకు రాబోయే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గారికి

మహారాజశ్రీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ కోర్టు రికార్డు కీపరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు ఇంకా మా ఇంటికి వేంచేయలేదు. మీలో ఎవరు వస్తారో కూడా తేలలేదు. డల్లాస్‌లో ఉన్న అల్లుడు ఒక పేరు చెబుతాడు. కెమెరాలు బిగించిన అబ్బాయి ఇంకో పేరు చెబుతాడు. యూట్యూబ్‌లో గడ్డం కుర్రాడొకడు ఆ రెండూ దండగ, మూడోది చూడండి అంటాడు. అందుకని ఎవరు వచ్చినా వర్తించేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంటికి నాలుగు కెమెరాలు. గేటు మీద ఒకటి, వరండాలో ఒకటి, వెనక బోరింగు దగ్గర ఒకటి, మేడ మెట్ల దగ్గర ఒకటి. వీటి వెనకాల ఇప్పటిదాకా ఒక నల్లడబ్బా పనిచేసింది. కెమెరాలు చూసింది రాసిపెట్టుకునే ఆ డబ్బాను డీవీఆర్ అంటారు. కెమెరాలతోపాటే వచ్చింది. పచ్చలైటు వెలుగుతూ ఉండేది కాబట్టి పనిచేస్తోందని మేమూ నమ్మాం. పక్క వీధిలో ఎవరిదో బైకు పోయేదాకా దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఎస్సై గారు కానిస్టేబుల్‌ను పంపించారు. తెల్లవారుజామున రెండు నుంచి మూడు మధ్య మా గేటు కెమెరాలో పడిందేదో కావాలన్నారు. ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. తెర అడుగున జానెడు పొడుగు పచ్చగీత ఉంది. ఇరవైనాలుగు గంటలూ ఆ జానెడులోనే సర్దారు. మౌసు వెంట్రుకవాసి కదిపితే పావుగంట దూకుతుంది. రెండింటికి ఆపబోతే ఒంటిగంటా నలభైకి ఆగుతుంది, కాస్త ముందుకు నెడితే రెండూ ఇరవై. మధ్యమధ్యలో డబ్బా ఆలోచనలో పడి గుండ్రంగా సున్నాలు చుడుతుంది.

అసలు అవి ఏ రెండు, ఏ మూడు అన్నది ఇంకో సంగతి. తెర మీద తేదీ 2000 జనవరి 1. లోపల బొత్తాం బ్యాటరీ అయిపోయిందట, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానికి కొత్త సంవత్సరమే. కానిస్టేబుల్ గారే ఉపాయం చెప్పారు. "మీ పాలబ్బాయి ఎన్నింటికి వస్తాడు సార్? వాడు కనబడ్డ చోటి నుంచి వెనక్కి లెక్కపెడదాం." అలాగే పాలబ్బాయిని పట్టుకుని, అక్కణ్ణుంచి మూడు గంటలు వెనక్కి నడిచి, బైకు తోసుకుపోతున్న ఒక ఆకారాన్ని పట్టాం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఆ ఫైలు ఆ కంపెనీ ప్లేయర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదని అప్పుడు తెలిసింది. స్టేషన్ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాములు వేయకూడదట. చివరికి ఆయన లేచి నిలబడి, మా టీవీ తెరను తన ఫోన్‌తో వీడియో తీసుకుని, మా ఇంటావిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు.

అయ్యా, నాకు కడుపుమంట ఎక్కడంటే ఇక్కడ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మొత్తం నుంచి కంప్యూటరు లెక్కగట్టే ఒక గుర్తు, రాయాలి. ఫైలులో ఎక్కడ ఇసుమంత మారినా ఆ విలువ మారిపోతుంది, అదీ దాని ఉపయోగం. టీవీని ఫోన్‌తో తీసిన వీడియోకు కూడా హ్యాష్ తీయొచ్చు. ఆ వీడియోను ఎవరూ ముట్టుకోలేదని రుజువవుతుంది, అంతే. అసలు రికార్డింగులో ఏముందో దానికేం తెలుసు?

నా సర్వీసంతా కోర్టు రికార్డు రూములోనే గడిచింది. కట్టలు కట్టి ర్యాకుల్లోకి ఎక్కించడం అక్కడ ఎవరైనా చేసేస్తారు. ఫలానా సంవత్సరం ఫలానా నంబరు దావా కట్ట కావాలని బెంచి మీంచి కబురొచ్చినప్పుడు, అది చేతిలో పట్టుకుని వెళ్ళడమే ఉద్యోగం. మీ జాతి వారందరి ప్రకటనలూ చదివాను. ఎన్ని కెమెరాలు కలుపుకుంటారో, ఎంత స్పష్టంగా చూస్తారో, రాత్రిపూట రంగుల్లో ఎలా చూపిస్తారో పేజీలకు పేజీలు రాసుకున్నారు. రెండు నుంచి మూడు మధ్య ముక్క తీసి ఇమ్మంటే ఎంతసేపట్లో ఇస్తారో ఒక్కరూ రాయలేదు.

పోనీ, దరఖాస్తులు వచ్చాయి కాబట్టి ఒక్కొక్కరి సంగతీ చూద్దాం.

బ్లూ ఐరిస్ గారు అనుభవం ఉన్నవారు. కానీ విండోస్ కంప్యూటర్ మీద తప్ప కాలు పెట్టరు. మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ ఇస్తే అరవై వాట్లు తాగుతుందనుకుందాం. రోజంతా వెలిగితే దాదాపు ఒకటిన్నర యూనిట్లు, నెలకు నలభై పైచిలుకు. దొంగ వస్తాడో రాడో గానీ బిల్లు మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది. పైగా వారు మామూలుగా దాచుకునేది సొంత ఫార్మాట్‌లో, అడిగితే ఎంపీ4గా మార్చి ఇస్తారు. అడిగితే ఇచ్చేవారంటే నాకు గౌరవమే.

జోన్‌మైండర్ గారికి ఇరవయ్యేళ్ళు దాటిన సర్వీసు. లినక్స్ ఇంటివారు, పైసా తీసుకోరు. వారి సెట్టింగుల పేజీ తెరిస్తే నాకు మా ఆఫీసు పాత రిజిస్టర్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మా ఇంటావిడకు మాత్రం కళ్ళు తిరిగాయి.

ఏజెంట్ డీవీఆర్ గారు ఇంట్లో కూర్చుని చూసుకుంటే ఉచితం, ఊరు దాటి వారి దారిలో చూడాలంటే చందా. ఇంట్లో ఫైళ్ళు దాచుకునే డబ్బాలు అమ్మే సినాలజీ వారి దగ్గర ఒకటి కొంటే రెండు కెమెరాల వరకు వారే భరిస్తారు, మూడోదాని నుంచి తలకింత చొప్పున లైసెన్సు కొనాలి. మావి నాలుగు. ఏ రెంటికి మూత పెట్టమంటారు?

ఇక ఫ్రిగేట్ గారు. అల్లుడు ఓటు వీరికే. ఉచితం, ప్రోగ్రాం మూలం (సోర్సు కోడు) అంతా తెరిచి పెట్టారు, దాచేదంతా ఇంట్లోనే. ముక్క తీసి ఇమ్మంటే నేరుగా ఎంపీ4 ఇస్తారు. ఇంత మంచివారికి ఒక పట్టింపు ఉంది. వారికి చెప్పాల్సిందంతా యామల్ అనే ఫైలులో రాసి సమర్పించాలి. అందులో మాటలే కాదు, మాటల ముందు వదిలే ఖాళీలకు కూడా అర్థం ఉంది. రెండు ఖాళీలు ఉండాల్సిన చోట మూడు పడితే సారు నిద్ర లేవరు. అల్లుడు అక్కడి నుంచి, కెమెరా అబ్బాయి ఇక్కడి నుంచి వీడియో కాల్ పెట్టుకుని ఖాళీలు లెక్కబెడుతుంటే వాస్తు పండితులు గడప కొలుస్తున్నట్టే అనిపించింది.

ఫ్రిగేట్ గారి ప్రతిభ ఏమిటంటే కదిలిందేమిటో గుర్తుపడతారు. ఇది చిన్న విషయం కాదు. మా నల్లడబ్బాకు తెలిసిందల్లా తెర మీద చుక్కలు మారాయా లేదా అన్నదే. రాత్రిపూట కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ కాంతికి పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది. ఆ పోగు గాలికి ఊగినప్పుడల్లా డల్లాస్‌లో అల్లుడి ఫోను ట్రింగుమంటుంది. మాకు రాత్రి రెండైతే వాళ్ళకు మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసు మీటింగులోంచి లేచి వచ్చి ఫోన్ చేస్తాడు. "మామయ్యా, గేటు దగ్గర ఏదో కదులుతోంది, లైటు వేసి చూడండి." నేను లేచి లైటు వేసి చూస్తే సాలీడు నన్ను చూస్తుంది. ఇలా కొన్నాళ్ళకు అల్లుడు అలర్టులన్నీ ఆపేశాడు. బైకు పోయిన రాత్రి కూడా అవి ఆపేసే ఉన్నాయి.

కాబట్టి గుర్తుపట్టేవారు కావాల్సిందే. కానీ ఫ్రిగేట్ గారు మామూలుగా చదువుకుని వచ్చింది కోకో అనే బొమ్మల బడిలో, అంటే దేని పేరు ఏదో రాసిపెట్టిన ఫోటోల కట్టలో. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2014లో బయటపెట్టిన ఆ బడిలో 80 రకాల వస్తువుల్ని, ప్రాణుల్ని నేర్పుతారు. నేను ఆ జాబితా కూర్చుని చదివాను. మనిషి ఉన్నాడు, కారు ఉంది, కుక్క, పిల్లి, ఆవు, గొర్రె ఉన్నాయి. ఏనుగు ఉంది. ఎలుగుబంటి ఉంది. జీబ్రా, జిరాఫీ కూడా ఉన్నాయి. కోతి లేదు!

అయ్యా, మా వాడలో జరిగే దొంగతనాల్లో నూటికి తొంభై కోతులు చేసేవే. వంటింటి కిటికీలోంచి చెయ్యి పెట్టి టమాటాలు తీసుకుపోయేది కోతి. నీళ్ళ ట్యాంకు మూత లేపేది కోతి. మేడ మీద ఎండబెట్టిన వడియాల సంగతి ఇక్కడ రాయను, రాస్తే మా ఇంటావిడ మళ్ళీ బాధపడుతుంది. రేపు మా గేటు దూకి జిరాఫీ లోపలికొస్తే తమరు తక్షణం కబురు చేస్తారు, సంతోషం. కోతి వస్తే దాన్ని కుక్క అంటారో, పొట్టి మనిషి అంటారో, అసలు ఏమీ అనరో నాకు నమ్మకం లేదు. మనకు కావాల్సిన బొమ్మలతో కొత్త పాఠం చెప్పించుకోవచ్చని అల్లుడు అంటున్నాడు. మా మేడ మీదికి రండి, ఒక్కరోజులో కావలసినన్ని ఫోటోలు దొరుకుతాయి.

ఇవన్నీ ఎందుకు, అంతా క్లౌడ్‌లో పెట్టేయండి, నెలకు ఇంత కట్టండి అనే యాప్‌లు ఉన్నాయి. సులువే. కానీ 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వైజ్ అనే కెమెరా కంపెనీ వాడుకదారుల్లో దాదాపు 13 వేలమందికి వేరేవాళ్ళ ఇళ్ళ కెమెరా బొమ్మలు కనబడ్డాయి. మా వరండాలో నేను బనీనుతో కూర్చుని పేపరు చదవడం రహస్యమేమీ కాదు, వీధి అంతా చూస్తుంది. అయినా ఎవరు చూస్తున్నారో నాకు తెలియాలి కదా. ఆ వీధివాళ్ళయితే కనీసం నమస్కారం పెడతారు.

అలాగని ఇంట్లో పెట్టుకుని, అల్లుడు చూడ్డానికి వీలుగా రౌటర్‌లో తలుపు బార్లా తీసిపెట్టడానికీ నేను ఒప్పుకోను. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న కెమెరాలనూ డీవీఆర్‌లనూ ఏరుకుంటూ పోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులే ఎవరూ మార్చని వాటన్నిటినీ తన దళంలో చేర్చుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి దళాలే, వెబ్‌సైట్ల పేర్లకు ఇంటర్నెట్ చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. కాపలాకు పెట్టుకున్నవాడే ఊరి మీద దోపిడీకి పోయాడన్నమాట. అందుకని అల్లుడు వీపీఎన్ ద్వారా, అంటే తాళం ఉన్నవాడికే తెరుచుకునే చాటుదారిలో వస్తాడు, చూస్తాడు, వెళ్తాడు. చూసే హక్కు ఇస్తాను. చెరిపే హక్కు ఇవ్వను. అల్లుడైనా సరే.

ఇక వసతి విషయం. తమరికి 4 టీబీ డిస్క్ ఇస్తున్నాను. ఇరవైనాలుగు గంటలూ రాయడానికే తయారుచేసిన రకం, మామూలుది కాదు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు 43 జీబీ. నాలుగూ కలిపి 173. అంటే ఇరవై మూడు రోజులకు నిండుతుంది. మన దగ్గర 2013 నాటి ప్రజాభద్రత చట్టం జనం ఎక్కువగా చేరే షాపులకూ హాళ్ళకూ ముప్పయి రోజుల రికార్డు ఉంచమంటుంది. ఇళ్ళకు ఆ నిబంధన లేదు. కానీ ఎక్కడికైనా ఊరు వెళ్ళి నెల తర్వాత తిరిగొచ్చి చూసుకునేవాళ్ళం మేం. వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో రాసుకుంటే జాగా చాలావరకు కలిసొస్తుందని అంటారు, అలాగే కానివ్వండి. జాగా మిగుల్చుకోవడానికి ఏదైనా కదిలినప్పుడు మాత్రమే రాస్తానంటే మాత్రం కుదరదు. మా నల్లడబ్బా అలా రాసి రాసి, ప్రతి సంఘటనలోనూ వెళ్ళిపోతున్నవాడి వీపే చూపించేది. లోపలికి ఎలా వచ్చాడో దానికెప్పుడూ తెలియలేదు.

ఎంపిక పరీక్ష ఇలా ఉంటుంది. ప్రశ్న ఒక్కటే. ఏదో ఒక వారం కిందటి రోజు, రాత్రిపూట ఒక సమయం, ఒక కెమెరా పేరు చెబుతాను. పది నిమిషాల ముక్క, దాని మీద సరైన తేదీ, సరైన సమయంతో, ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకునే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో పడాలి. పరీక్షలో మీటలు నొక్కేది అల్లుడూ కాదు, కెమెరా అబ్బాయీ కాదు. మా ఇంటావిడ. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా, పొయ్యి మీద పాలు పొంగేలోపు తీయగలిగితే ఉద్యోగం మీదే. గడియారాన్ని ఇంటర్నెట్ నుంచి ఎప్పటికప్పుడు మీరే సరిచేసుకోవాలి. మళ్ళీ పాలబ్బాయిని సాక్ష్యానికి పిలవలేను.

ఇట్లు,
తమరి రాక కోసం ఎదురుచూస్తున్న,
నాలుగు కెమెరాల ఇంటి యజమాని

తా.క. వేసవిలో మా ఫీడరుకు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇన్వర్టరు కొంతసేపు లాగుతుంది, తర్వాత అదీ పడుకుంటుంది. కరెంటు వచ్చాక మీ అంతట మీరే లేచి, నాలుగు కెమెరాలనూ పలకరించి, రాయడం మొదలుపెట్టాలి. "యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి" అని తెర మీద పెట్టుకుని కూర్చోకండి. మీ డబ్బా మేడ మీది గదిలో ఉంటుంది, రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి బటన్ నొక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు.