జావకు టీ, చెల్లుకు చెల్లు

కనిగిరి పిల్లను నెల్లూరు ఇస్తే ముందు ముందు ఏమవుతుందో మా అక్క పెళ్లినాడు ఎవరూ ఆలోచించలేదు. మాది మెట్ట. ఆకాశం కరుణిస్తే పండే కొర్ర, సజ్జ, వరిగ, రాగి తప్ప మా తాతల నాడు ఇంట్లో మరో గింజ ఉండేది కాదు. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. బావగారిది పెన్న కాలువల కింద మాగాణి. ఇప్పుడు ఉండేది నెల్లూరు మూలాపేటలోనే అయినా, ఎవరైనా మొలగొలుకుల బియ్యం మాట ఎత్తారంటే చాలు, చేతిలో పని ఆపేసి ఆ అన్నం వాసన వర్ణించడం మొదలుపెడతారు. అలాంటి మనిషి ముందు, పెళ్లయిన ముప్పై ఏళ్లకు, మా అక్క రాగి జావ గ్లాసు పెట్టింది.

కారణం షుగరు. ఉద్యోగ విరమణ సన్మానంలో వేసిన శాలువా మడత నలగకముందే పొగతోటలోని ఒక డాక్టరుగారు ఆ మాట చెప్పారు. అది 2023. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పత్రిక తెరిస్తే కొర్రలు, టీవీ పెడితే సామలు. చిన్నప్పుడు ఏ తిండి తిన్నందుకు అత్తవారింట్లో "మెట్ట వాళ్లు" అనిపించుకుందో, ఆ తిండికి ప్రపంచం మొత్తం దండం పెడుతుంటే మా అక్క ఊరుకుంటుందా? పాత లెక్కలన్నీ తేల్చడానికి అంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

అంతవరకు ఆ ఇంట్లో పొద్దుటి ఫలహారం అంటే కారం దోసె. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కాస్త చింతపండు కలిపి మెత్తగా నూరిన ఎర్రకారాన్ని, పెనం మీద దోసె ఇంకా పచ్చిగా ఉండగానే అట్లకాడ వెనక వైపుతో అంచుల దాకా పూస్తారు. ఆ పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేస్తారు. కారం నేతిలో వేగి ముదురు రంగుకు తిరిగేసరికి వీధిలో వెళ్లేవాడికి తుమ్ము, ఇంట్లో ఉన్నవాడికి ఆకలి ఒకేసారి వస్తాయి. బావగారు నాలుగు తినేవారు. నాలుగోది "ఊరికే, రుచికి".

ఉగాది వెళ్లిన మర్నాటి నుంచి కొర్రల దోసె, సజ్జ ఇడ్లీ, ఊదల ఉప్మా వంతులవారీగా వచ్చాయి. న్యాయం చెప్పాలంటే అక్క చేతి కొర్ర దోసె బాగుంటుంది. రాత్రంతా నానబెట్టి, కాసిని మినుములు, మెంతులు వేసి రుబ్బుతుంది. నేను వెళ్లినప్పుడు అడిగి తింటాను. బావగారు కూడా పెద్దగా గొడవ చేయలేదు. "ఐక్యరాజ్యసమితి ఒక్క సంవత్సరమే అన్నది కదా, డిసెంబరు 31తో అయిపోతుంది" అని ఓపిక పట్టారు. ఆయన గొంతు దిగనిది ఒక్క జావే. "నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలలో అందులో సగమైనా ఉండదు" అని అక్క అంకెలు వల్లిస్తుంటే, ఆయన గ్లాసులోకి చూసి, "ఇప్పుడు కడుపు నిండిపోయింది, సాయంత్రం తాగుతాలే" అన్నారు.

అనవలసిన మాట కాదది. అక్క వెంటనే అటక మీది స్టీలు ఫ్లాస్కు దించి, కడిగి, జావ పోసి చేతికిచ్చింది. "నాలుగింటికి ఎలాగూ నడకకు వెళతారు కదా, టీ తాగాలనిపిస్తే ఇది తాగండి."

ఆయన నడక వీధి మలుపులో ఉన్న టీ కొట్టు దాకా. రానూ పోనూ కలిపి లెక్కేసినా అడుగులు వందలు దాటవు. నాలుగింటికి ఆ కొట్టు దగ్గర బల్ల మీద చోటు దొరకడం కష్టం. ఒక పక్క డికాక్షను తెర్లుతుంటుంది, మరో పక్క బాణలిలో పులిబొంగరాలు వేగుతుంటాయి. పులిసిన దోసెల పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ముక్కలు కలిపి నూనెలోకి వదిలితే బంతుల్లా ఉబ్బి పైకి తేలే ఆ వస్తువును అల్లం పచ్చడిలో ముంచి నోట్లో వేసుకుని, పైన టీ తాగినవాడికి చిరుధాన్యాల సంవత్సరం గుర్తుండమంటే ఎలా ఉంటుంది?

బావగారు టీ తాగారు, బొంగరాలు తిన్నారు. నిండు ఫ్లాస్కుతో ఇంటికి ఎలా వెళ్లాలి? పారబోయడానికి కాలువ దాకా నడిచి వెనక్కి వచ్చేశారు. తిండి పారబోయడం ఆయన వంశంలో లేదు. తాగడమైతే అంతకుముందే లేదు. ఆ సంకటంలో ఉండగా టీ మాస్టరు చేయి చాపాడు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి పొయ్యి ముందు నిలబడి, పాలు సరిపోయాయో లేదో చూడటానికి గుక్క, అల్లం దిగిందో లేదో చూడటానికి గుక్క తాగి తాగి కడుపులో మంట తెచ్చుకున్న మనిషి. మజ్జిగ కలిపిన చల్లటి జావ, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నలిపి వేసిన వేయించిన జీలకర్ర. ఎత్తిన గ్లాసు దించకుండా తాగేసి, మీసాలు తుడుచుకుని, బావగారు ఇవ్వబోయిన నోటు వెనక్కి నెట్టాడు. "సార్, రేపు కూడా తీసుకురండి. టీకి డబ్బులొద్దు."

సంతకాలు లేకుండానే ఒప్పందం కుదిరిపోయింది.

రోహిణి కార్తె వచ్చేసరికి నెల్లూరు ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. రోళ్లు పగిలే ఆ ఎండలో పొగలు కక్కే టీ అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆటో వాళ్లు మాస్టరు తాగుతున్నది చూసి "మాకూ అదే" అన్నారు. ఇంట్లో బావగారు గొంతు సవరించుకుని, "జావ ఒక్క ఫ్లాస్కు చాలడం లేదు" అన్నారు. అక్కకు కళ్లల్లో నీళ్లు తిరిగాయట. ఆ పూటే నాకు ఫోను చేసి, "మీ బావగారు మారిపోయారురా" అని చెప్పింది. వీధిలో అందరికీ కూడా చెప్పింది. ఫ్లాస్కు పోయి కూజా వచ్చింది, కూజా పోయి పాల క్యాను వచ్చింది. ఒక్క మనిషి అన్ని లీటర్లు ఎలా తాగుతాడన్న అనుమానం ఒకసారి రాకపోలేదు. "నడకకు వచ్చేవాళ్లకు కూడా ఇస్తున్నానులే" అన్నారు బావగారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. దాహం తీర్చడం పుణ్యమని అక్క మర్నాడు మరో గరిటె పిండి ఎక్కువ కలిపింది.

టీ కొట్టు ముందు పలక వేలాడింది: "రాగి జావ, గ్లాసు 15." రాగులు నేను కనిగిరి నుంచి పంపినవి. పలక కూడా మా మార్కాపురానిదే అయి ఉంటుంది. నెల్లూరులో జరిగే వ్యాపారానికి పెట్టుబడి మొత్తం అప్పటి మా ప్రకాశం జిల్లాది కావడం మా బతుకులో మామూలే. ఇక బావగారి టీలు మూడుకు పెరిగాయి, బొంగరాల ప్లేటు ఖాయమైపోయింది. "ఇన్నేళ్లలో నాకు కలిసొచ్చిన వ్యాపారం ఇదొక్కటేనోయ్" అని నాతో అన్నారు. అప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు పెన్షన్ వచ్చే మొదటి తారీఖున కూడా నేను చూడలేదు.

ఆషాఢంలో రక్తపరీక్ష చేయించారు. ముందు రోజు ఉపవాసం ఉండి తప్పించుకునే పరీక్ష కాదది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందట. బతికినన్నాళ్లూ రక్తంలోని చక్కెరను ఒంటికి అంటించుకుని తిరుగుతుందట. దాన్ని పట్టుకుని అడిగితే గత రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది. సొంత రక్తమే సాక్ష్యానికి దిగితే మగవాడికి దిక్కెవరు? హెచ్‌బీఏ1సీ 7.2 నుంచి 7.9కి ఎక్కింది.

"ఏం తింటున్నారు?" అని డాక్టరుగారు అడిగారు. అక్క ఉగాది నుంచి ఆ పూట దాకా వంటల పేర్లన్నీ అప్పజెప్పింది. బావగారు గోడ మీది క్లోమం బొమ్మను కొత్త చుట్టాన్ని చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు. జావ లీటర్ల లెక్క రాగానే డాక్టరుగారు కలం ఆపారు. "రాగి మంచిదేనమ్మా. కానీ మెత్తటి పిండి చేసి జావ కాస్తే తొందరగా అరుగుతుంది, చక్కెరా తొందరగా పెరుగుతుంది. అన్ని లీటర్లేమిటి? ముందు జావ ఆపండి."

ఆ రోజు ఇంటికి వచ్చిన అక్క అన్నం ముట్టలేదు. మెట్ట పంట మీద ఇంత మాటా! ముందు అనుమానం పిండి మిల్లు మీదకు పోయింది. రాగుల ముందు ఎవరి గోధుమలు పట్టారో చెప్పమని నిలదీసింది. తరవాతి వంతు నాది. "నువ్వు పంపినవి ఎక్కడి రాగులురా? నిజం చెప్పు" అని అర్ధరాత్రి ఫోను.

బావగారి కష్టం వేరు. జావ ఆగింది, టీకి డబ్బు కావాలి. ఏటీఎం కార్డు అక్క బీరువాలో ఉంటుంది. కూరగాయల చిల్లర మిగిల్చి ఎన్ని టీలు తాగగలరు? నడక మానేసి ఇంట్లో కూర్చున్నారు. అలా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు గేటు చప్పుడైంది. చేతిలో ఖాళీ క్యానుతో టీ మాస్టరు.

"అమ్మా, సారుకు ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు. మీరెవరు బాబూ?"

"మలుపులో టీ కొట్టు మాదేనమ్మా. రెండు రోజులుగా జావ రావడం లేదు. గిరాకీ తిరిగి వెళ్లిపోతోంది. రోజూ ఇచ్చే మూడు టీలు, బొంగరాల ప్లేటు చాలకపోతే చెప్పమనండి, ప్లేట్లు రెండు చేస్తాను. బేరం మాత్రం వదలొద్దమ్మా."

బావగారు అప్పటికే స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని కుళాయి తిప్పారు. సాయంత్రం దాకా అందులో నీళ్లు రావని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అక్క అరవలేదు. మాస్టరుకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా అడిగింది. "టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేస్తారు?"

"అందరికీ రెండమ్మా. సారు మాత్రం ఇంకొంచెం వేయమంటారు."

అక్క ముఖం వికసించిందని మాస్టరు తరవాత చెప్పుకున్నాడు. ఆయనకు అర్థం కాలేదు కానీ నాకు అర్థమైంది. రాగి నిర్దోషి! మర్నాడు పొద్దున్నే టోకెను తీసుకుని, టీలు, చక్కెర చెంచాలు, బొంగరాల ప్లేట్లు వరసగా రాసిన కాగితాన్ని డాక్టరుగారి బల్ల మీద పెట్టి, "తమరు ఆ రోజన్న మాట వెనక్కి తీసుకోవాలి" అంది. ఆయన చదివి నవ్వి, రోజుకు ఒక్క గ్లాసు జావకు అనుమతిచ్చారు. పులిబొంగరాలు ఎలా చేస్తారని కూడా అడిగారట. దాని గురించి నేనేమీ అనను.

ఆ సాయంత్రం నాలుగింటికి అక్క టీ కొట్టుకు వెళ్లింది. బల్ల మీద వాళ్లంతా లేచి నిలబడ్డారు. టీ తెప్పించుకుని తాగి, "అల్లం ముక్కలు వేస్తే ఏం దిగుతుంది? దంచి వేయాలి" అని మాస్టరుకు చెప్పింది. జావ మీద వెంటనే టీ తాగితే గింజలోని ఇనుము ఒంటికి పట్టదనీ, రెండింటికీ గంటైనా ఎడం ఉండాలనీ ఆటో వాళ్లకు చెప్పింది. వచ్చినవాడు గంట తరవాత మళ్లీ వస్తాడన్నమాట! మాస్టరు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. రేపటి నుంచి జావ మళ్లీ వస్తుందనీ, గ్లాసుకు ఇంత అనీ ధర కూడా కుదిరింది. అంతా సుఖంగా ముగిసిందనుకుంటుండగా అక్క సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

"ఇక పాత బాకీ. ఉగాది నుంచి ఇచ్చిన జావకు."

"దానికి టీ ఇచ్చేశాను కదమ్మా!"

"టీ నాకిచ్చారా?"

"సారుకిచ్చాను."

"అయితే టీ డబ్బులు సారు దగ్గర వసూలు చేసుకోండి. జావ నాది, దాని డబ్బు నాకివ్వండి."

నేను చాలాసేపు ఆలోచించాను. ఈ వాదంలో తప్పు పట్టగల ప్లీడరు నెల్లూరు కోర్టులో ఉంటాడని అనుకోను. మాస్టరు బావగారి వైపు చూశాడు, బావగారు బాణలి వైపు చూశారు.

రాత్రి భోజనాల వేళ దాటాక బావగారి ఫోను వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. "ఏమోయ్, ఒక మూడు వేలు సర్దుతావా? మొదటి తారీఖున ఇచ్చేస్తాను. మీ అక్కకు తెలియనివ్వకు."

అంతకు కాసేపటి ముందే అక్క ఫోను వచ్చి ఉంది. "మీ బావగారు డబ్బు అడుగుతారు, ఇవ్వకు. అన్నట్టు, ఈసారి రాగులు బస్తా పంపు. డబ్బు టీ కొట్టాయన ఇస్తాడు."