ఉన్నది 1.44 ఎంబీ, బెట్టు బోలెడు

పాత ఫ్లాపీ డిస్క్ తెరుద్దామని లినక్స్‌లో మౌంట్ (డిస్క్‌ను సిస్టమ్‌కు కలిపే ఆదేశం) కొడితే అసలు ఎఫ్‌డీ0 (ఫ్లాపీ డ్రైవ్‌కు లినక్స్ పెట్టిన పేరు) అనేదే లేదంటుంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) ఫ్లాపీ ఆన్‌లోనే ఉంది కదా! సరే, ఫ్లాపీని నడిపే మాడ్యూల్ లోడ్ చేశాను. ఇప్పుడు ఎఫ్‌డీ0 వచ్చింది, డ్రైవ్ లైటు మాత్రం ఆరదు. అంటే 34 పిన్నుల కేబుల్ తిరగబడి ఉందన్నమాట. అసలు తిరగేసినా పట్టే కనెక్టర్ ఎవడు చేయమన్నాడు? సరిచేశాక "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అట: ఫైల్ సిస్టమ్ రకం తప్పో, ఆప్షన్ తప్పో, ఫైల్ సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాక్ పాడైందో. మూడిట్లో ఏది తల్లీ? ఒక్కటి చెప్పి చావొచ్చుగా! పోనీ యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెస్తే, దాని పేరు ఎఫ్‌డీ0 కాదట, యూఎస్‌బీ డిస్కులకిచ్చినట్టు ఎస్‌డీబీ అట! మధ్యలో ఉచిత సలహాలొకటి: "ఇంకా ఫ్లాపీ ఏంటండీ, పెన్‌డ్రైవ్ వాడొచ్చుగా?" నాన్నగారి ఫైళ్లు ఇందులో ఉన్నాయి స్వామీ, పెన్‌డ్రైవ్‌లో కాదు!